నోకియా ఎన్95, తొలి ఐఫోన్ పక్కపక్కన: 2007లో నిజంగా ఏది మంచి ఫోన్?

నమస్కారం అండీ. ఇవాళ టేబుల్ మీద రెండు ఫోన్లు పెట్టాను. ఇది నోకియా ఎన్95. ఇది యాపిల్ తొలి ఐఫోన్. రెండూ 2007లోనే అమ్మకానికి వచ్చాయి. ఎన్95 మార్చిలో వస్తే, ఐఫోన్ జూన్ 29న వచ్చింది. బటన్ల ఫోన్లలో అన్నింటికంటే పైమెట్టు మీద ఉన్నది ఒకటి, ఆ బటన్లనే తీసేసింది రెండోది.

ఐఫోన్ రాగానే పాత ఫోన్లన్నీ ఒక్క రోజులో మూలపడ్డాయని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. అలా జరగలేదండీ. ఆ రోజు ఈ రెండింటి స్పెక్స్ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి, పేర్లు దాచిపెట్టి ఎవరినైనా ఎంచుకోమంటే ఎన్95నే ఎంచుకునేవాళ్లు. ఎందుకో చూద్దాం. అంత బలమైన ఫోన్ ఎందుకు నిలబడలేదో కూడా చూద్దాం, నాకు అసలు ముఖ్యం అనిపించేది అదే.

ముందు కెమెరా. ఎన్95 వెనక 5 మెగాపిక్సెల్ కెమెరా, కార్ల్ జీస్ లెన్స్, ఆటోఫోకస్, ఫ్లాష్. పక్కన ఫోటో తీయడానికే ఒక బటన్ ఉంది. సగం నొక్కితే ఫోకస్ అవుతుంది, పూర్తిగా నొక్కితే ఫోటో పడుతుంది. వీడియో 640 బై 480లో, సెకనుకు 30 ఫ్రేములు. డబ్బాలోనే ఒక కేబుల్ ఇచ్చేవారు, దాన్ని టీవీకి తగిలిస్తే తీసిన వీడియో ఇంట్లో అందరూ కూర్చుని చూడొచ్చు. ఇక ఐఫోన్: 2 మెగాపిక్సెల్. ఆటోఫోకస్ లేదు, ఫ్లాష్ లేదు. వీడియో అయితే అసలు తీయలేదు. నిన్న సాయంత్రం మా వీధి చివర టీ కొట్టు దగ్గర రెండింటితో ఒకే ఫోటో తీశాను, ఇప్పుడు స్క్రీన్ మీద చూస్తున్నారు. ఎన్95 ఫోటోలో గోడ మీది ధరల పట్టిక చదవగలుగుతున్నాం. ఐఫోన్ ఫోటోలో రంగులు బాగున్నాయి కానీ అక్షరాలు కలిసిపోయాయి. దీని మీద ఇంక వాదన అక్కర్లేదు.

తర్వాత నెట్‌వర్క్. ఎన్95లో 3జీ ఉంది, అందులోనూ అప్పటి వేగవంతమైన హెచ్ఎస్‌డీపీఏ. ఐఫోన్‌లో 2జీ ఎడ్జ్ మాత్రమే, అంటే 3జీ కంటే చాలా నెమ్మదైన ఇంటర్నెట్. ఎన్95లో జీపీఎస్ చిప్ ఉంది, ఐఫోన్‌లో లేదు. ఐఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ ఉండేవి, చాలా అందంగా కదిలేవి కూడా. కానీ మనం ఎక్కడున్నామో చెప్పేవి కావు. 2008 జనవరిలో ఒక అప్‌డేట్ వచ్చాకే టవర్ల బట్టి, వైఫై బట్టి సుమారుగా చూపించడం మొదలైంది.

ఇక్కడ మన దేశం సంగతి ఒకటి చెప్పాలి. 2007లో ఇక్కడ 3జీ సర్వీసే లేదు. 2008 చివర్లో ప్రభుత్వ సంస్థలు మొదలుపెట్టాయి, ప్రైవేటు కంపెనీలు 2010లో స్పెక్ట్రమ్ వేలం అయ్యాక వచ్చాయి. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎన్95 కొన్న మనిషి 3జీకి కూడా డబ్బు పెట్టాడు, కానీ కొన్న కొత్తలో దాన్ని వాడుకోలేకపోయాడు. ఇంటర్నెట్ విషయంలో అతనూ ఎడ్జ్ మీదే ఉన్నాడు, అమెరికాలో ఐఫోన్ కొన్నవాడూ ఎడ్జ్ మీదే ఉన్నాడు. దీన్ని గుర్తుపెట్టుకోండి, బ్రౌజర్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇంకా ఎన్95లో ఎఫ్ఎం రేడియో ఉంది. మెమరీ కార్డు వేసుకోవచ్చు. బ్యాటరీ తీసి మార్చుకోవచ్చు. మామూలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంది, కానీ చూడండి, లోపలికి దిగిపోయి ఉంది. లావు పిన్ను దూరదు, చాలా ఇయర్‌ఫోన్స్‌కి విడిగా అడాప్టర్ కొనాల్సి వచ్చేది. బ్లూటూత్ ఉంది, కానీ దాంతో పాట పంపలేరు, ఫోటో పంపలేరు. మన దగ్గర కాలేజీల్లో, ఆఫీసుల్లో పాటలన్నీ బ్లూటూత్‌లో చేతులు మారుతున్న కాలం అది. ఐఫోన్ ఉన్నవాళ్లు ఆ పంపకంలో చేరలేకపోయారు.

ఎస్ఎంఎస్ సంగతి వింటే ఇప్పటివాళ్లు నమ్మరు. ఐఫోన్‌లో వచ్చిన ఎస్ఎంఎస్‌ను ఇంకొకరికి ఫార్వర్డ్ చేసే వీలు లేదు. ఉగాదికి, సంక్రాంతికి, కొత్త సంవత్సరానికి ఒక మంచి మెసేజ్ వస్తే యాభై మందికి ఫార్వర్డ్ చేసే రోజులు అవి. ఆ రోజు మామూలు ఎస్ఎంఎస్ ప్యాక్‌లు చెల్లవు, మెసేజ్‌కి ఇంత అని కోసేవాళ్లు, అయినా పంపేవాళ్లం. ఐఫోన్‌లో ఆ మెసేజ్ కాపీ చేసి అతికిద్దామన్నా కాపీ, పేస్ట్ లేవు. ఫోటోలు పంపే ఎంఎంఎస్ లేదు. ఇవన్నీ 2009 జూన్‌లో 3.0 సాఫ్ట్‌వేర్‌తో గానీ రాలేదు, అప్పుడు కూడా ఈ మొదటి మోడల్‌కి ఎంఎంఎస్ ఇవ్వలేదు. ఎన్95లో ఇదిగో, ఈ పెన్సిల్ గుర్తు బటన్ పట్టుకుని బాణం కీ జరిపితే అక్షరాలు సెలెక్ట్ అవుతాయి. కాపీ నొక్కితే అయిపోయింది.

రింగ్‌టోన్ కూడా అంతే. ఎన్95లో కార్డులో ఏ పాట ఉంటే ఆ పాట రింగ్‌టోన్ పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో మనకి నచ్చిన సినిమా పాట నేరుగా పెట్టుకోవడం కుదరదు. ఐట్యూన్స్‌లో పాట కొని, దాన్ని రింగ్‌టోన్‌గా మార్చుకోవడానికి మళ్లీ డబ్బు కట్టాలి.

ధర కూడా చూద్దాం. ఎన్95కి పన్నులు కలపకుండా 550 యూరోలు అని నోకియా ప్రకటించింది. ఐఫోన్ 4జీబీ 499 డాలర్లు, 8జీబీ 599 డాలర్లు. ఆ ధరకి కూడా అమెరికా నెట్‌వర్క్ కంపెనీ ఏటీ అండ్ టీతో రెండేళ్ల ఒప్పందం రాయాల్సిందే. కొన్న రెండు నెలలకే, సెప్టెంబరులో, 8జీబీ మోడల్ ధర 200 డాలర్లు తగ్గించారు. ముందు కొన్నవాళ్లు గొడవ చేస్తే 100 డాలర్ల క్రెడిట్ ఇచ్చారు. ఈ మొదటి మోడల్ ఇండియాలో అధికారికంగా రాలేదు. అమెరికా నుంచి సెలవులకి వచ్చిన అన్నయ్యో బావగారో తెస్తే, ఇక్కడ ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల మన సిమ్ పనిచేసేలా అన్‌లాక్ చేయించుకునేవాళ్లు. చేయించుకున్నాక కూడా టెన్షనే. 2007 సెప్టెంబరులో వచ్చిన 1.1.1 అప్‌డేట్ వేసుకున్న అన్‌లాక్ ఫోన్లలో కొన్ని పూర్తిగా పనిచేయకుండా పోయాయి.

మరి ఇన్ని లేకుండా ఐఫోన్ ఎలా గెలిచింది? ఇక్కడి నుంచి కొంచెం ఓపిగ్గా వినండి.

ఈ రెండు ఫోన్ల లోపలికి వెళ్తే ఒక ఆశ్చర్యం కనిపిస్తుంది. ప్రాసెసర్ రెండింటిలోనూ ఏఆర్ఎమ్11 కుటుంబానిదే. ఎన్95లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్, 332 మెగాహెర్ట్జ్. ఐఫోన్‌లో శామ్‌సంగ్ తయారుచేసిన చిప్, 412 మెగాహెర్ట్జ్. బొమ్మలు గీసే గ్రాఫిక్స్ భాగం రెండింటిలోనూ పవర్‌వీఆర్ ఎంబీఎక్స్ రకమే. బ్రౌజర్ అయితే ఇంకా దగ్గర: ఐఫోన్‌లోని సఫారీకీ, నోకియా బ్రౌజర్‌కీ లోపల ఉన్న ఇంజిన్ ఒకటే, వెబ్‌కిట్. అంటే నోకియా దగ్గర సరుకు లేక కాదు. ఒకే రకం ప్రాసెసర్, ఒకే రకం గ్రాఫిక్స్, ఒకే బ్రౌజర్ ఇంజిన్. అయినా వాడి చూస్తే భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా.

చూపిస్తాను. ఇవాళ్టి వెబ్‌సైట్లు ఈ రెండింటిలోనూ సరిగా తెరుచుకోవు, ఎందుకంటే భద్రతా పద్ధతులన్నీ మారిపోయాయి. అందుకని ల్యాప్‌టాప్‌లో 2007 తరహాలో ఒక న్యూస్ పేజీ తయారుచేసి, వైఫై మీద రెండింటిలోనూ తెరిచాను. మూడు నిలువు వరుసలు, మధ్యలో వార్త, పక్కన లింకులు.

ఎన్95లో పేజీ వచ్చింది. మొత్తం పేజీ చక్కగా, కంప్యూటర్‌లో ఉన్నట్టే వచ్చింది. ఇప్పుడు మధ్యలో వార్త చదవాలి. తెర మీద ఒక చిన్న బాణం ఉంది, దాన్ని ఈ కీతో కిందికి, పక్కకి నెట్టుకుంటూ పోవాలి. నొక్కి పట్టుకుంటే దాటిపోతుంది, ఒక్కొక్కసారే నొక్కితే ఆలస్యం. ఎక్కడున్నామో తెలియడానికి పేజీ మొత్తం బొమ్మ చిన్నగా వస్తుంది, ఆ ఆలోచన చాలా బాగుంది. కానీ లింక్ దగ్గరికి బాణం చేర్చేసరికి నాకు ఓపిక తగ్గింది. తెర 2.6 అంగుళాలు, 240 బై 320. ప్రతి వాక్యానికీ పక్కకి జరుపుకోవాలి.

ఐఫోన్‌లో అదే పేజీ. వార్త ఉన్న వరుస మీద వేలితో రెండుసార్లు తట్టాను. ఆ వరుస ఒక్కటే తెర అంతా నిండింది. వేలితో పైకి తోశాను, పేజీ వేలి వెంటే వచ్చింది, వేలు తీశాక కూడా కొంచెం దూరం జారి ఆగింది. రెండు వేళ్లు దూరం చేస్తే పెద్దదైంది. ఎవరూ నేర్పక్కర్లేదు. తెర 3.5 అంగుళాలు, 320 బై 480. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూడండి: నెట్ వేగం రెండింటికీ ఒకటే అయినా, చదవడానికి పట్టే సమయంలో ఇంత తేడా. ఎన్95తో చేయగలిగేవి ఎక్కువ. ఐఫోన్‌తో జనం నిజంగా చేసేవి ఎక్కువ. నా తీర్పు దీని మీదే ఆధారపడి ఉంది.

ఈ తెర ఎలా పనిచేస్తుందో కాస్త చెప్పాలి. అంతకు ముందు టచ్ ఫోన్లు లేవని కాదు. సోనీ ఎరిక్సన్ పీ సిరీస్ ఉండేది, విండోస్ మొబైల్ ఫోన్లు ఉండేవి. వాటిలో ఎక్కువ రెసిస్టివ్ తెరలు. పైన మెత్తటి ప్లాస్టిక్ పొర, కింద ఇంకో పొర, మధ్యలో సన్నటి ఖాళీ. నొక్కితే రెండు పొరలూ తాకుతాయి, ఎక్కడ తాకాయో ఫోన్‌కి తెలుస్తుంది. నొక్కాలి కాబట్టి గోరో పుల్లో కావాలి, అందుకే ఫోన్‌లోనే ఒక స్టైలస్ దూర్చి ఇచ్చేవారు. ఐఫోన్‌ది కెపాసిటివ్ తెర. గాజు కింద చిన్న విద్యుత్ క్షేత్రం ఉంటుంది. మన వేలు విద్యుత్ ప్రవహించే వస్తువు, అది దగ్గరికి రాగానే ఆ క్షేత్రం మారుతుంది. నొక్కక్కర్లేదు, తాకితే చాలు. ఒకేసారి రెండు వేళ్లని కూడా గుర్తుపడుతుంది. దీనికి నష్టాలూ ఉన్నాయి: గోరుతో పనిచేయదు, చెయ్యి తడిగా ఉంటే తికమకపడుతుంది. ఎల్జీ ప్రాడా ఫోన్ కూడా 2007లోనే ఇలాంటి తెరతో వచ్చింది. కాబట్టి తెర ఒక్కటే చాలదు. వేలి వెంట వెంటనే కదిలే సాఫ్ట్‌వేర్ కావాలి, కష్టమైన పని అదే.

ఆ పని నోకియా ఎందుకు వెంటనే చేయలేకపోయిందంటే, కారణం సింబియన్, అంటే ఎన్95ని నడిపించే సాఫ్ట్‌వేర్. ఇది సైయన్ అనే బ్రిటిష్ కంపెనీ జేబు కంప్యూటర్ల కోసం తయారుచేసిన ఈపాక్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి పుట్టింది. 1998లో నోకియా, ఎరిక్సన్, మోటరోలా, సైయన్ కలిసి సింబియన్ కంపెనీ పెట్టాయి. మెమరీ చాలా ఖరీదైన రోజుల్లో, ప్రతి కిలోబైట్ లెక్కపెట్టి రాసిన సాఫ్ట్‌వేర్ అది. దాని బలం కూడా అదే. ఎన్95లో 64 ఎంబీ ర్యామ్‌తో పాట వింటూ, మెసేజ్ రాస్తూ, వెనక బ్రౌజర్ నడపొచ్చు. మెనూ బటన్ పట్టుకుంటే ఏవేవి నడుస్తున్నాయో చూపిస్తుంది. ఐఫోన్‌లో బయటి యాప్‌లకి వెనకాల నడిచే వీలు 2010 వరకూ ఇవ్వలేదు. కానీ ఫోన్ ఆన్ అయ్యాక ఆ 64 ఎంబీలో మనకి మిగిలేది మూడో వంతు లాగా. పెద్ద పేజీ తెరిస్తే 'మెమరీ నిండింది' అని ఆగిపోయేది. ఎన్95 8జీబీ మోడల్‌లో ర్యామ్ రెట్టింపు చేసి దీన్ని చాలావరకు సరిచేశారు.

యాపిల్ వేరే దారి పట్టింది. కంప్యూటర్లలో వాడే మ్యాక్ సాఫ్ట్‌వేర్‌నే చిన్నది చేసి, 128 ఎంబీ ర్యామ్ ఇచ్చి, ఎక్కువ భాగం శక్తి వేలి కదలికకీ, తెర మీద బొమ్మకీ పెట్టింది. కెమెరా, 3జీ, వీడియో తర్వాత చూసుకుందాం అనుకుంది. ఈ ఎంపిక ధైర్యమైనది. ఫీచర్ల పట్టికలో ఓడిపోతామని తెలిసే చేసిన ఎంపిక.

యాప్‌ల దగ్గర కూడా ఇదే కథ. సింబియన్‌కి యాప్‌లు ఐఫోన్ కంటే చాలా ముందు నుంచే ఉన్నాయి, వేలల్లో ఉన్నాయి. కానీ వేసుకోవడం ఎలాగో గుర్తుందా? ఎక్కడో వెబ్‌సైట్ నుంచి ఎస్ఐఎస్ అనే యాప్ ఫైల్ కంప్యూటర్‌లోకి దింపుకోవాలి, కేబుల్‌తోనో బ్లూటూత్‌తోనో ఫోన్‌లోకి పంపాలి, తెరిస్తే 'సర్టిఫికేట్ ఎర్రర్' అనేది. అప్పుడు ఫోన్‌లో తేదీ వెనక్కి మార్చి మళ్లీ ప్రయత్నించేవాళ్లం. అలాంటి కిటుకులు తెలిసిన స్నేహితుడు ఉన్నవాళ్లకే ఆ యాప్‌లు. 2008 జులై 10న యాపిల్ యాప్ స్టోర్ తెరిచింది. మొదట్లో ఉన్నవి 500 యాప్‌లే. మొదటి వారాంతంలోనే కోటి డౌన్‌లోడ్‌లు అయ్యాయి. ఏడాది పాతదైన ఈ మొదటి ఐఫోన్‌కి కూడా ఆ అప్‌డేట్ ఉచితంగా ఇచ్చారు. నా దృష్టిలో పందెం తేలిపోయింది ఆ నెలలోనే, 2007లో కాదు.

ఆ తర్వాత వచ్చినవి త్వరగా చెప్తాను. 2008 అక్టోబరులో అమెరికాలో టీ-మొబైల్ జీ1 వచ్చింది, హెచ్‌టీసీ తయారుచేసిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్. జరిపితే కీబోర్డు వచ్చేది, కింద ఒక ట్రాక్‌బాల్. మామూలు ఇయర్‌ఫోన్ రంధ్రం లేదు. తెర మీద కీబోర్డు 2009లో 1.5 అప్‌డేట్‌తో వచ్చింది. కానీ పైనుంచి కిందికి లాగితే వచ్చే నోటిఫికేషన్ల పరదా అందులోనే మొదలైంది, ఇప్పుడు అన్ని ఫోన్లలో వాడేది అదే. నోకియా 5800 ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్‌తో టచ్‌లోకి వచ్చింది. పాటలకి అద్భుతంగా ఉండేది. కానీ రెసిస్టివ్ తెర. జాబితాలో ఒకసారి తడితే సెలెక్ట్, రెండోసారి తడితే ఓపెన్, ఇంకోచోట ఒక్క తట్టుకే ఓపెన్. బటన్ల కోసం రాసిన సాఫ్ట్‌వేర్ మీద టచ్ అతికించారని వాడిన ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇండియాకి రెండో మోడల్ ఐఫోన్ 3జీ 2008 ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వొడాఫోన్ ద్వారా వచ్చింది. 8జీబీ 31,000, 16జీబీ 36,100 రూపాయలు. అమెరికాలో ఒప్పందంతో 199 డాలర్లు అని వార్తల్లో చూసి ఎదురుచూసిన మనవాళ్లు ఆ ధర చూసి చాలా నిరాశపడ్డారు. పైగా పేరులో ఉన్న 3జీ ఇక్కడ ఇంకా రాలేదు.

తెలుగు చదివేవాళ్లకి ఏది మేలు అంటే, తొలి రోజుల్లో ఏదీ కాదు. తొలి ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు లేదు. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు అక్షరాల చోట డబ్బాలు కనిపించేవి. అప్పుడు మనల్ని ఆదుకున్నది ఒపేరా మినీ అనే బ్రౌజర్. అందులో అడ్రస్ దగ్గర 'ఒపేరా: కాన్ఫిగ్' అని కొట్టి ఒక సెట్టింగ్ మారిస్తే, వాళ్ల సర్వర్ అక్షరాలని బొమ్మలుగా గీసి పంపేది. ఎన్95లోనూ, మామూలు జావా ఫోన్లలోనూ తెలుగు బ్లాగులు, వార్తలు అలాగే చదివాం. ఈ ఒక్క విషయంలో పాత ఫోన్ల పక్షాన గట్టిగా నిలబడతాను, ఎందుకంటే ఆ ఒపేరా మినీ ఐఫోన్‌కి 2010లో గానీ రాలేదు.

ఇక నా తీర్పు. 2007లో ఇక్కడ ఉండి, చేతిలో డబ్బుండి కొనేవాళ్లకి ఎన్95 సరైన ఫోన్. ఫోటో, రేడియో, ఎస్ఎంఎస్, పాటల పంపకం, ఏ సిమ్ అయినా వేసుకునే స్వేచ్ఛ, అన్నీ దానిలోనే. కానీ దానికి రెండు బలహీనతలు ఉన్నాయి, దాచను. ఒకటి, 950 ఎంఏహెచ్ బ్యాటరీ. వైఫై, జీపీఎస్ వాడితే సాయంత్రానికి అయిపోయేది. మార్చుకునే బ్యాటరీ ఉండడం దానికి సౌకర్యం కాదు, అవసరం. రెండు, ఫోన్ తయారీ. 21 మిల్లీమీటర్ల మందం, అంకెల బటన్ల కోసం పైకి జరిపే భాగం కొన్నాళ్లకి వదులై కదులుతుంది. ఐఫోన్ 11.6 మిల్లీమీటర్లు, గాజు, లోహం, ఒక్క చప్పుడు ఉండదు.

2008 చివర్లో అడిగితే, ఇంటర్నెట్ ముఖ్యం అనుకునేవాళ్లకి ఐఫోన్ వైపే చూపించేవాణ్ని, ఆ 31,000 పెట్టగలిగితే. కానీ బటన్లు పోవడం వల్ల నిజంగా నష్టపోయినవాళ్లు ఉన్నారు, దాని గురించి మనం తక్కువ మాట్లాడతాం. చూపు లేనివాళ్లకి, చూపు తగ్గిన పెద్దవాళ్లకి 5 మీద ఉండే ఆ చిన్న గుర్తు ఎంత ఆధారమో! దాన్ని తాకి మిగతా అంకెలన్నీ చూడకుండా నొక్కేవాళ్లు. నున్నటి గాజు మీద ఆ ఆధారం పోయింది. తెర చదివి వినిపించే వాయిస్ఓవర్ ఐఫోన్ 3జీఎస్‌తో 2009లో వచ్చింది. తొలి ఐఫోన్‌కి అది లేనే లేదు.

చివరిగా, మీ ఇంట్లో ఈ పాత ఫోన్లు ఏవైనా బీరువాలో ఉంటే ఒకసారి బయటికి తీయండి. ఎన్95 అయితే వెనక మూత తీసి బీఎల్-5ఎఫ్ బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. ఉబ్బితే ఛార్జింగ్ పెట్టొద్దు, తీసి ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి. ఫోన్ ఆన్ కాకపోయినా మెమరీ కార్డు తీసి రీడర్‌లో పెడితే కార్డులో దాచిన ఫోటోలు వచ్చేస్తాయి. ఐఫోన్‌లో ఆ దారి లేదు, అన్నీ ఫోన్ లోపలే. తెర అంచు పైకి లేచినట్టు కనిపిస్తే లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం, దాన్ని మీరు విప్పకండి, రిపేరు చేసేవాళ్లకి ఇవ్వండి. బాగానే ఉంటే 30 పిన్నుల కేబుల్ ఒకటి సంపాదించి, ఎవరైనా దగ్గరుండగా ఛార్జింగ్ పెట్టి, ఆన్ అయిన వెంటనే ముందు ఫోటోలు కంప్యూటర్‌లోకి దించుకోండి.